మామ ఉప్పు చూసే తీరు

మా వంట బ్యాచ్‌లో వంటవాడిగా పుట్టినవాడు ఒక్కడూ లేడు. ఫంక్షన్ హాల్లో తెల్ల టోపీలు పెట్టుకుని వరసగా నిలబడితే ఏదో పెద్ద హోటల్లో నేర్చుకొచ్చినట్టు కనిపిస్తాం గానీ, టోపీ తీస్తే ఎవరి కథ వాళ్లది. అన్నం వార్చే అక్క పెళ్లయిన పదేళ్ల దాకా రాచర్ల పక్కన గొర్రెలు కాసింది. ఇప్పటికీ పాలు పొంగుకొస్తుంటే మంట తగ్గించే ముందు, మందను తోలినట్టు నాలుకతో ఒక చప్పుడు చేసి పాలను అదిలిస్తుంది. పాలు మాట వింటాయని ఆమె నమ్మకం. కూరలు చూసే అన్న పాస్టరుగారి కొడుకు. గడియారం చూడడు. కళాయిలో ముక్కలు పడగానే ప్రార్థన పాట ఎత్తుకుంటాడు. బంగాళాదుంప వేపుడుకు రెండు పాటలు, వంకాయకు ఒకటిన్నర. ఒకసారి జలుబు చేసి ఆయన గొంతు పోయింది. ఆ రోజు వంకాయ కూర కాదు, పచ్చడి వడ్డించాం.

నా సంగతి చెప్పాలంటే, ఏడో తరగతిలో లెక్కల సారు నడకను క్లాసుకు చేసి చూపిస్తుంటే ఆయన నా వెనకే నిలబడి చూశాడు. బడికీ నాకూ అక్కడితో సరి. ఆటో తోలాను, టైల్స్ పనికి పోయాను, సెల్ రీచార్జి కొట్టు పెట్టి మూశాను. ముప్పై దాటాక, పెళ్లాం పోరు పడలేక, ఈ బ్యాచ్‌లో కూరగాయలు తరగడానికి చేరాను. నేను తరిగిన ఉల్లిపాయల కంటే చెప్పిన కబుర్లు ఎక్కువని అక్క అంటుంది. అబద్ధం కాదు.

ఈ గుంపుకంతా మేస్త్రి మామ. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా, ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి నడుస్తాడు. మార్కాపురం పలకల క్వారీలో పదిహేనేళ్లు రాయి చీల్చి, ఆ తర్వాత గరిటె పట్టుకున్నాడు. గిద్దలూరు నుంచి కనిగిరి దాకా ఆయన సాంబారుకు పేరుంది. "ఎప్పుడు తిన్నా ఒకటే రుచబ్బా, అంగుళం అటూ ఇటూ కాదు" అంటారు జనం. వేరే వంటవాళ్ల చెయ్యి ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు. ఇంట్లో గొడవపడి వస్తే పులుసులో తెలిసిపోతుంది. మామ చెయ్యి మాత్రం తక్కెడ మాదిరి.

ఆయనకు మూడు అలవాట్లుండేవి, మూడింటి మీదా నేను ఎక్కిరించని రోజు లేదు. మొదటిది పలక ముక్క. అరచెయ్యంత నల్లరాయి ముక్కను గాడిపొయ్యి అంచున పెట్టి వేడెక్కనిచ్చేవాడు. సాంబారు మీద తేరిన తేటను చెంచాడు ఆ రాయి మీద పోసేవాడు. అది చుయ్యిమని ఆరిపోయాక మిగిలిన తెల్లటి చారను వెలుగుకు తిప్పి చూసి, ఇంత ఉప్పు పడాలి అని చెప్పేవాడు. రెండోది, వంట అయ్యాక ఆ ఇంటి పెద్దావిడను పిలిపించి మొదటి గరిటె ఆమె చేతిలో పోయడం. "నోరు తడుపుకోమ్మా, మీ ఇంటి వంట గదా" అనేవాడు. ఆమె మింగేదాకా కళ్లార్పకుండా ఆమె ముఖమే చూసేవాడు. ఎంత మర్యాదో అని ఇళ్లవాళ్లు మురిసిపోయేవాళ్లు. మూడోది, ఎంత విందు వండినా తాను తినేది మజ్జిగన్నం, దాంట్లోకి ఏడెనిమిది పచ్చిమిరపకాయలు. కళ్లలో నీళ్లు కారుతున్నా నములుతూనే ఉండేవాడు.

"మామా, నువ్వు వండింది నువ్వే తినవంటే నాకు అనుమానంగా ఉంది. మా ఇన్సూరెన్సు సంగతి చూడు" అనేవాణ్ణి.

"నీ నోటికి ఇన్సూరెన్సు ఎవరూ చెయ్యరు లే అల్లుడా, రోజూ యాక్సిడెంటే" అనేవాడు ఆయన.

ఒక రోజు పొద్దున, గిద్దలూరులో ఒక పెళ్లికి దిగాం. టీ పెట్టే వంతు నాది. అందరి గ్లాసుల్లో చక్కెర వేసి, మామ గ్లాసులో మాత్రం రెండు చెంచాల ఉప్పు వేసి బాగా కలిపాను. అక్కకూ అన్నకూ కన్ను కొట్టి, ఉమ్ము ఎంత దూరం పోతుందా అని పక్కకు జరిగి నిలబడ్డాను.

మామ తాగాడు. ఒక గుక్క, ఇంకో గుక్క. కూరగాయల లిస్టు చూస్తూ నిదానంగా గ్లాసు అడుగు దాకా తాగి, గ్లాసు నా చేతికిచ్చి, "రేపట్నుంచి చక్కెర కొంచెం తగ్గియ్ రా, డాక్టరు తిడతన్నాడు" అన్నాడు.

అన్న నవ్వాడు. నా ఎత్తును మామ తిప్పి కొట్టాడనుకుని అక్క చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వబోయాను. కానీ నేను జోకులు చేసే మనిషిని. ఎదుటివాడు తెలిసి చేస్తున్నాడా తెలియక చేస్తున్నాడా అన్నది నాకు కళ్లలో తెలిసిపోతుంది. మామ కళ్లు లిస్టు మీదే ఉన్నాయి. ఆ గ్లాసు అడుగున కరగని ఉప్పు ఇంకా ఉంది.

ఆ సాయంత్రం సామాన్లు ఎక్కించిన ట్రాలీ ఆటోలో వెనక మేమిద్దరమే కూర్చున్నాం. "మామా, పొద్దున టీలో నేను వేసింది ఉప్పు" అన్నాను. కంభం దాటాక ఆయన చెప్పాడు.

క్వారీలో ఒకనాడు కాలు జారి వెనక్కి పడ్డాడు. తల వెనక భాగం రాతికి తగిలింది. వారం రోజులు ఆస్పత్రిలో ఉండి, కుట్లు విప్పించుకుని ఇంటికొచ్చిన రోజు భార్య కోడికూర వండింది. నోట్లో పెట్టుకుంటే గుడ్డపేలిక నమిలినట్టుంది. "ఉప్పెయ్యలేదా" అన్నాడు. వేశానంది. కారం మాత్రం మండింది. మళ్లీ ఆస్పత్రికి పోతే, ముక్కు నరం తెగింది, కొందరికి అంతటితో సరిపోతుంది, నీకు నాలుక కూడా పోయింది అన్నాడట డాక్టరు. అప్పటికి మామకు ముప్పై ఎనిమిదేళ్లు.

"మళ్లీ క్వారీకి పోదామంటే అంచున నిలబడితే తల తిరిగేది" అన్నాడు. "ఇంట్లో మీ అత్తకు జ్వరమొస్తే నేను వండినాను. నాకు తెలియదు గదా, అందుకని చిటికెడు చిటికెడు కొలిచి వేసినాను. పిల్లోళ్లు తింటంటే వాళ్ల ముఖాలు చూసినాను. ఏది బాగుందో ముఖంలో కనపడుద్ది రా. నాలుక కన్నా అదే నయం, అబద్ధం చెప్పదు."

"మరి పచ్చిమిరపకాయలు?"

"మంట ఒక్కటే నాకు తెలిసేది. తింటన్నాను అని అదొక్కటే చెప్తది."

ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "వాసన తెలియని వంటోడంటే ఎవరు పిలుస్తారు? మీ అత్తకు తప్ప ఎవురికీ తెలీదు. నువ్వు నోరు జారితే ఇరవై రెండేళ్ల పేరు ఒక్క రోజులో పోద్ది. వేరే పని చేసే వయసు కాదు."

"ఎవరికీ చెప్పను మామా."

"ఇంకోటి. ఉప్పు నేను చూసుకుంటా. మాడు వాసన, నూనె చెడిన వాసన, పాలు విరిగిన వాసన, ఇవి ఇన్నాళ్లూ అదృష్టం మీద నడిపించినాను. ఇప్పుడు ముసలోణ్ణయినాను, భయంగా ఉంది. నా పక్కన నిలబడు. ఏదన్నా తేడా వస్తే నాకు చెప్పాల, పక్కనోళ్లకు తెలియకుండా."

ఎట్ల చెప్పాలో ఆలోచించుకున్నాం. దగ్గితే అందరూ దగ్గుతారు, పొగ కదా. చెయ్యి పట్టుకు లాగితే కనపడుతుంది. చివరకు మామే అన్నాడు: "నువ్వు పొద్దున లేచింది మొదలు వాగుతానే ఉంటావు. తేడా వస్తే వాగడం ఆపెయ్. నాకు తెలిసిపోద్ది."

ఆ రోజు నుంచి నేను బ్యాచ్‌లో కూరగాయలు తరిగే మనిషిని కాదు, మామ ముక్కును. ఏడాదికి పైగా ఆ పని బాగానే చేశాను. కనిగిరిలో ఒక ఇంట్లో నూనె డబ్బా తెరిచిన వెంటనే నోరు మూశాను, మామ ఆ డబ్బా పక్కన పెట్టించాడు. ఇంకోచోట పెరుగు దగ్గర ఆగాను. మా అక్క కూడా, "వీడు మధ్యమధ్య మాట్లాడకుండా ఉంటున్నాడు, పెళ్లాం కొడుతోందేమో" అని అన్నతో అంది.

తర్వాత రాచర్ల పక్క పల్లెలో ఒక పెద్దకర్మ వంట ఒప్పుకున్నాం. పోయినాయన రైతు, డెబ్బై ఏళ్ల మనిషి. ఆయనకు బెల్లం పరమాన్నం ఇష్టమట. ఆయన భార్య మా దగ్గరకొచ్చి, "మిగతావి ఎట్ల చేసినా పర్లేదు నాయనా, పరమాన్నం మాత్రం బాగుండాల. ఆయన ముందు పెట్టేది అదే" అని చెప్పి పోయింది.

కర్మ వంటకు ఒక నియమం ఉంది. పోయినవాళ్ల ముందు ఆకు వేసి వడ్డించేదాకా ఎవరి నాలుకా దానికి తగలకూడదు. కాబట్టి ఆ రోజు ఇంటి పెద్దావిడను పిలిచి గరిటె పోసి ముఖం చూసే వీలు మామకు లేదు. ఆయన రాతి ముక్క బెల్లానికి పనికిరాదు. మిగిలింది నా ముక్కు. పొద్దునే మామ నన్ను పక్కకు పిలిచి, "ఈ రోజు నువ్వే అల్లుడా" అన్నాడు. అంతే అన్నాడు.

కర్మ ఇల్లంటే ఏడుపుతో నిండి ఉంటుందనుకుంటాం. పదకొండో రోజుకు జనం అలిసిపోయి, నవ్వడానికి ఏదైనా దొరికితే బాగుండునని చూస్తుంటారు. పొయ్యి దగ్గర కుర్చీలేసుకుని కూర్చున్న చుట్టాల్లో ఒకాయన నన్ను కదిలించాడు. నేను మొదలుపెట్టాను. ఆటో తోలిన రోజుల్లో ఒక ముసలాయన పొట్టేలును ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టి, "దానికి వెనక కడుపులో తిప్పుద్ది" అన్న కథ. పదిమంది చేరారు. పోయినాయన తమ్ముడు, పదకొండు రోజులుగా నవ్వని మనిషి, తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు ఆగాలనిపించలేదు.

వాసన వచ్చింది. సన్నగా, బెల్లం అడుగున పట్టుకున్నప్పుడు వచ్చే వాసన. నాకు తెలిసింది. ఎంత స్పష్టంగా తెలిసిందో ఇప్పుడు కూడా చెప్పగలను. పొట్టేలు దిగి పోయేముందు ముసలాయన అనే మాట ఒక్కటి మిగిలుంది. ఆ ఒక్క మాటా చెప్పేసి ఆగుదామనుకున్నాను. చెప్పాను. నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాను.

ఈలోపు మామ తెడ్డు లోపలికి దించి అడుగు నుంచి కలిపాడు. పరమాన్నం అడుగంటితే కలపకూడదు. కదిలించకుండా పైపైన ఇంకో గిన్నెలోకి వంచుకుంటే చాలావరకు దక్కుతుంది. వాసన తెలిసిన ఎవరైనా అదే చేస్తారు. మామకు తెలియలేదు, నేను వాగుతూనే ఉన్నాను కాబట్టి అంతా బాగుందనుకున్నాడు. అడుగున ఉన్న మాడంతా పైకి తెచ్చి గిన్నె నిండా కలిపేశాడు.

నేను తిరిగి చూసేసరికి ఆయన ఇంకా కలుపుతున్నాడు.

ఆకు వేయడానికి పోయినాయన భార్య గిన్నె పట్టుకుని వచ్చింది. వెనక పెద్దకొడుకు. రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది. "ఏందిది నాయనా? మాడింది గదా."

మామ నా వైపు చూశాడు.

"పొయ్యి పక్కనే నిలబడినారు గదా" అన్నాడు కొడుకు. "వీధిలోకి కొడతంది వాసన. ముక్కులు ఇంట్లో పెట్టి వచ్చినారా ఏంది?"

"నాదే తప్పు పెద్దమ్మా" అన్నాను. "మంట తగ్గించమని మామ నాకు చెప్పినాడు. నేను కబుర్లలో పడి మర్చిపోయినాను." అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. అందరూ నన్ను తిట్టడానికి సిద్ధపడ్డారు. నన్ను తిడితే సరిపోయేది. తిట్లు నాకు అలవాటే, చిన్నప్పటి నుంచీ తిన్నవే.

మామ తెడ్డు గిన్నె అంచున ఆనించాడు. "వాడు చెప్పలేదమ్మా, నిజమే. కానీ ఇంకొకడు చెప్తే గాని తెలుసుకోలేని నేను పొయ్యి ముందు నిలబడినా చూడు, తప్పు అది. నాకు వాసన రాదు. రుచి తెలియదు. మీ ఆయనకు పెట్టే కూడు గాబట్టి అబద్ధం చెప్పలేను."

నవ్విన పదిమందీ అక్కడే ఉన్నారు. పాట ఆపేసి అన్న, గరిటె పట్టుకుని అక్క అట్లనే నిలబడిపోయారు. వాళ్లకూ అప్పుడే తెలియడం.

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఎన్నాళ్లాయె?" అంది.

"ఇరవై మూడో ఏడమ్మా."

"మా ఆయనకు ఆఖరు నెలంతా అట్లనే ఉండింది. ఏం పెట్టినా మన్ను తిన్నట్టుంది అనేటోడు. నేను కష్టపడి వండితే వంకలు పెడతావా అని కసురుకున్నా." కొంగుతో ముఖం తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది. "పాలు ఇంకా ఉన్నాయా రా? తెప్పియ్. మళ్లీ వండనీ."

ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని పొయ్యి పక్కన కూర్చుంది. "వాసన చూస్తే తప్పు లేదు. నాలుక తగలదు గదా" అంది. రెండోసారి పరమాన్నం దించేదాకా ఆమె అక్కడి నుంచి లేవలేదు. నేను ఆ గంటసేపూ పాత గిన్నె తోముతూ ఉన్నాను.

ఆమె క్షమించింది గానీ ఫోన్లు క్షమించవు. మేము మార్కాపురం చేరేసరికే కథ మాకంటే ముందు చేరింది. తర్వాతి వారం గిద్దలూరు బస్టాండులో టీ తాగుతుంటే, నేనెవరో తెలియని ఒకడు ఆ కథ చెబుతున్నాడు. మేస్త్రి పరమాన్నానికి బదులు బొగ్గులు వండి ఇంగువ వేశాడన్నాడు. బాగా చెప్పాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అన్నీ తెలిసినవాడు. చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వారు. ఒక కథకు ఒకసారి నవ్వు పుట్టాక దాన్ని ఎవరూ వెనక్కి లాగలేరని నాకంటే తెలిసినవాళ్లు ఎవరు? టీ సగంలో వదిలేసి వచ్చాను.

ఒక హాలు మేనేజరు ఈసారికి వద్దన్నాడు. ఆ ఈసారి ఇంకా అయిపోలేదు.

అప్పటికి నాలుగిళ్లకు మాట ఇచ్చి ఉన్నాం. మామ నన్ను బండి తియ్యమన్నాడు. "ఫోన్ చేసి చెప్పొచ్చు గదా" అంటే, "ఇరవై ఏళ్లు దాక్కున్నా. మళ్లీ ఫోన్ వెనక దాక్కోవాలా?" అన్నాడు. తిట్టడేమోనని రోజూ చూశాను. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి దారిలో నేనే బండి ఆపి, "నన్ను కొట్టు మామా" అన్నాను. "ఆ పోయినాయన తమ్ముడు పదకొండు రోజుల తర్వాత నవ్వినాడంట గదా. ఆయనే చెప్పినాడు నాకు. సరే పోనీ, బండి తియ్" అన్నాడు. అది నాకు ఓదార్పో శిక్షో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ప్రతి గుమ్మంలోనూ ఆయన కూర్చోకముందే చెప్పేవాడు: "నాకు వాసన, రుచి తెలియవు. ఇన్నేళ్లూ అట్లనే వండినాను. మీరు విని ఉంటారు. పిలిచేదీ మానేదీ మీ ఇష్టం." కనిగిరి వాళ్లు మంచినీళ్లు ఇచ్చి వద్దన్నారు. గిద్దలూరు వాళ్లు మంచినీళ్లు ఇవ్వకుండా వద్దన్నారు. మార్కాపురం వాళ్లు తర్వాత చెప్తామన్నారు.

చివరిది యర్రగొండపాలెం. పెళ్లికూతురి తల్లి గేటు దగ్గరే నిలబడి అంతా విన్నది. "మా పెద్దమ్మాయి పెళ్లికి వండింది నువ్వే గదా మామా. అప్పుడు కూడా నీకు తెలీదా?"

"తెలీదమ్మా."

"ఆ సాంబారు ఇప్పటికీ చెప్పుకుంటారు." గేటు తీసింది. "ముక్కులకేం కరువు, ఇంట్లో ఆడోళ్లం ఇరవై మందిమి ఉన్నాం. నువ్వు రా."

ఆ పెళ్లికి పొద్దున్నే పోయాం. మేస్త్రిని చూడాలని ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు పొయ్యి దగ్గరకు వచ్చారు. మొదట వింతగా చూశారు, తర్వాత స్టూళ్లు వేసుకున్నారు. మామ సాంబారు పొడికి మెంతులు వేయిస్తున్నాడు. చేతి కింద గింజలు రంగు తిరుగుతున్నాయి.

"మెంతులు వేగితే ఎట్ల ఉంటదమ్మా?" అని అడిగాడు.

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట ఎవరినీ అడిగి ఉండడు. అడిగితే దొరికిపోయేవాడు.

"చేదుగా ఉంటది మామా" అంది ఒకామె.

"చేదు నాలుక్కి గదా, ముక్కుకు కాదు" అంది ఇంకొకామె. "మా అత్త తలకు కాచుకునే నూనె మాదిరి."

"కాదక్కా. బీరువాలో చాన్నాళ్లు మడిచి పెట్టిన పట్టుచీర తీస్తే వస్తది చూడు, అది."

మామ గరిటె కదిలిస్తూనే తల ఎత్తాడు. "చీరలో కలరా ఉండలు వేసిందా, వెయ్యనిదా?"

"వెయ్యనిదే మామా."

"ఆఁ" అన్నాడు. "అది మా అమ్మ చీర. గుర్తొచ్చింది."

నిజంగా గుర్తొచ్చిందో, వాళ్ల మనసు నొప్పించకూడదని అన్నాడో నాకు తెలియదు. మెంతులు పళ్లెంలోకి వంచి, ఖాళీ కళాయిలో ధనియాలు పోశాడు.

"ఇప్పుడు ఇవి. చెప్పండమ్మా" అన్నాడు.